మొదటి ఫ్లాటు, మధ్యలో ఏజెంటు: ఎవరి పని ఎంతవరకు

(తెలుగు రాష్ట్రాల్లో మొదటిసారి ఫ్లాటు కొనేవారి కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

నమస్కారమండీ. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, మొదటి వరుస ఖాళీగానే ఉంది. ముందు కూర్చున్నారని ప్రశ్నలేమీ అడగనులెండి.

ఒక్కటి మాత్రం అందరినీ అడుగుతా. ప్రస్తుతం ఏజెంటుతో కలిసి ఫ్లాట్లు చూస్తున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, ఆ ఏజెంటు ఎవరి మనిషి? మీ మనిషా, అమ్మేవాళ్ల మనిషా? చూశారా, చేతులు ఎలా దిగిపోయాయో.

లెక్క వేద్దాం. ఫ్లాటు ధర 80 లక్షలు. కమిషన్ 1 శాతం అనుకుందాం, అంటే ఏజెంటుకి 80 వేలు. మీరు బేరమాడి 77కి దించారు. మీకు మిగిలింది 3 లక్షలు. మరి ఏజెంటుకి తగ్గింది ఎంత? 3 వేలు. మూడే మూడు వేలు. పోనీ, బేరం చెడిందే అనుకోండి. అప్పుడు ఆయనకు పోయేది మొత్తం కమిషన్. ఇప్పుడు చెప్పండి, మీ 3 లక్షల కోసం ఆయన అమ్మేవాళ్లతో రెండు వారాలు కొట్లాడతాడా? కొట్లాడడు. ఇటు మీతో "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్" అంటాడు. అటు వెళ్లి "ఈ పార్టీ జారిపోతే మళ్లీ దొరకదు" అంటాడు. అది మోసమని నేననను. ఆయనకు డబ్బొచ్చే దారి అలా ఉంది, అంతే.

ఏజెంట్లలో కూడా తేడాలున్నాయి. కొత్త ప్రాజెక్టులో ఫ్లాటు చూపించే ఏజెంటుకి బిల్డరు ఇస్తాడు, మీ దగ్గర ఏమీ అడగడు. "మీకు ఫ్రీ సర్వీసు మేడమ్" అంటాడు. ఫ్రీ ఎందుకయిందో ఆలోచించండి. పాత ఫ్లాటు చేతులు మారేటప్పుడు బ్రోకరు చాలా చోట్ల రెండు వైపులా తీసుకుంటాడు. ఇంకో రకం ఉన్నారు, వాళ్లతో జాగ్రత్త. ఓనరుతో "నీకు 72 ఇప్పిస్తా, పైన ఎంత వస్తే అంత నాది" అని మాట్లాడుకుని, మీకు 80 చెబుతారు. ఇలాంటివాళ్లు చివరిదాకా మిమ్మల్ని ఓనరుతో కలవనివ్వరు. ఫోన్ నంబరు ఇవ్వరు, "ఊళ్లో లేరు" అంటారు. అడ్వాన్సు ఇచ్చేలోపు ఓనరు ముఖం చూడలేదంటే ఆ బేరంలో ఏదో ఉందన్నమాట.

అయితే ఏజెంటు వద్దా? వద్దని కాదు. ఏ అపార్ట్‌మెంటులో ఎండాకాలం ట్యాంకర్లు వస్తాయో, ఏ ఓనరు తొందరలో ఉన్నాడో, ఏ వీధిలో ఏ రేటు నడుస్తోందో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. పదిహేను ఇళ్లు చూపించడం, ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం, రిజిస్ట్రేషన్‌కి స్లాటు బుక్ చేయించడం, ఇవన్నీ ఆయన పనులు. చేయించుకోండి, దానికి డబ్బివ్వండి. కానీ మూడు మాత్రం ఆయన చేతిలో పెట్టకండి. కాగితం, కొలత, డబ్బు. మళ్లీ చెబుతున్నా: కాగితం, కొలత, డబ్బు.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం, త్వరగా చెప్పేస్తా. 2016లో రెరా చట్టం, అంటే ఇళ్లు, ప్లాట్లు అమ్మే బిల్డర్లకూ ఏజెంట్లకూ కట్టుబాట్లు పెట్టే చట్టం, వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. ఆ ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా నమోదు కావాలి. ప్రాజెక్టు నంబరు వేరు, ఏజెంటు నంబరు వేరు. చాలామంది ప్రాజెక్టు నంబరు చూపించి సరిపెడతారు. "మీ నంబరు ఇవ్వండి" అని అడగండి. తెలంగాణ అయితే తెలంగాణ రెరా వెబ్‌సైటులో, ఆంధ్రా అయితే ఏపీ రెరా వెబ్‌సైటులో మీరే కొట్టి చూసుకోండి. నమోదు లేకుండా అమ్మిపెట్టే ఏజెంటుకి రోజుకు 10 వేల చొప్పున, ఫ్లాటు ఖరీదులో 5 శాతం వరకూ జరిమానా పడుతుంది.

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. బుకింగు సమయంలో మీకు చట్టప్రకారం రావాల్సిన సమాచారం, డాక్యుమెంట్లు అందేలా చూడటం ఏజెంటు బాధ్యత. చట్టంలో 10వ సెక్షనులోనే ఉంది. కాబట్టి "ప్లాను కాపీ కావాలి" అంటే ఆయన మీకేదో సాయం చేస్తున్నట్టు మొహం పెట్టక్కర్లేదు. ఫిర్యాదు కూడా బిల్డరు మీదే కాదు, ఏజెంటు మీద కూడా రెరాకి వెళ్లవచ్చు.

మరి ప్రీలాంచ్ సంగతేంటి అంటారా? "ఇప్పుడు మొత్తం కట్టేస్తే సగం రేటుకే, పర్మిషన్లు వచ్చాక డబుల్" అంటారే, అదేగా? రెరా నంబరు లేకుండా డబ్బు తీసుకోవడమే తప్పు. ఆ తప్పుకు మీ డబ్బు పెట్టుబడి. దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

పాత ఫ్లాటు, ఒక మనిషి దగ్గర్నుంచి ఇంకో మనిషి కొనేది, దానికి ఈ రక్షణలు దాదాపు ఉండవు. నిన్నటిదాకా ఇంకో వ్యాపారం చేసినాయన ఈరోజు బ్రోకరు అయిపోవచ్చు. అందుకని అక్కడ మన జాగ్రత్తే మనకు దిక్కు.

ఇక డబ్బు. ఇల్లు చూడటానికి వెళ్లేముందే బ్యాంకుకి వెళ్లండి. ఇల్లు నచ్చాక బ్యాంకుకి వెళ్లేవాళ్లు ఏజెంటు ఎలా తోస్తే అలా పోతారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోను అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వచ్చు, 30 దాటి 75 లక్షల వరకు 80 శాతం, 75 దాటితే 75 శాతం. ఇది గరిష్ఠం. మీ జీతం చూసి ఇంకా తగ్గిస్తారు. మన 80 లక్షల ఫ్లాటుకి లోను 64 లక్షలు దాటదు. మిగతా 16 మీరు తేవాలి. అయిపోయిందా? అవలేదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం చుట్టూ ఉంటుంది, అది 6 లక్షలు. దానికి బ్యాంకు మామూలుగా లోను లెక్కలో చోటివ్వదు. కమిషన్ 80 వేలు. లాయరు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగు ఫీజు. అంటే చేతిలో 23 లక్షలకు పైన ఉండాలి. "20 శాతం ఉంటే చాలు సార్" అనే మాట ఇక్కడ బోర్లాపడుతుంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటయితే జీఎస్టీ ఇంకో 5 శాతం, చవక ఇళ్ల కోవలోకి వస్తే 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయింది, ఇక ఉండవచ్చని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, వచ్చాక అమ్మితే జీఎస్టీ లేదు.

ఇక్కడే ఏజెంటు ఒక సలహా ఇస్తాడు. "డాక్యుమెంటులో 60 చూపిద్దాం, 20 క్యాష్ ఇచ్చేయండి, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది." ఎంత కలిసొస్తుంది? 20 లక్షల మీద ఏడున్నర శాతం, లక్షన్నర. సరే, పోయేదేంటి? బ్యాంకు 60 మీదే లోను లెక్క కడుతుంది, అంటే 48 లక్షలు. లోను 16 లక్షలు తగ్గింది. అది కూడా మీరే తేవాలి. రేపు మీరు అమ్మితే కొన్న ధర 60 కిందే లెక్క, లాభం మీద పన్ను మీ నెత్తిన. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం కింద నిషేధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా. లక్షన్నర కోసం ఇంతా?

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పన్ను, వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. భార్యాభర్తలు చెరి సగం కొన్నా మొత్తం ధరే లెక్క, 2024 అక్టోబరు నుంచి ఆ సందేహం కూడా లేదు. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటున్నారా? అప్పుడు ఈ 1 శాతం లెక్క చెల్లదు, రేటు చాలా ఎక్కువ, 50 లక్షల హద్దూ లేదు. తక్కువ పట్టుకుంటే తేడా మీ దగ్గర వసూలు చేస్తారు. అందుకని అగ్రిమెంటుకు ముందే "ఓనరు ఎక్కడుంటారు?" అని అడగండి. ఏజెంటు "అమెరికాలో, కానీ జీపీఏ ఉంది" అన్నాడంటే, అంటే ఓనరు తరఫున సంతకం పెట్టే అధికారపత్రం ఇంకొకరి దగ్గర ఉందంటే, ఆరోజే ఆడిటరు దగ్గరికి వెళ్లండి.

కొలత గురించి. 1500 అడుగుల ఫ్లాటు అంటారు. చదరపు అడుగు 5500, మొత్తం 82 లక్షల 50 వేలు. ఆ 1500లో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా అన్నీ ఉన్నాయి. కార్పెట్ ఏరియా 1050 అనుకోండి, అప్పుడు మీరు కాలు పెట్టే చోటికి అడుగు రేటు 7,857. పక్క అపార్ట్‌మెంటులో 5800 చెబుతున్నారు, ఖరీదనిపిస్తుంది. కానీ అక్కడ 1500కి 1170 కార్పెట్ వస్తే? అదే చవక. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు ఎప్పుడైనా కార్పెట్‌తో భాగించండి. రెరా లెక్కలో కార్పెట్ అంటే లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు.

టేపు తీసుకెళ్లండి. బొమ్మలో 11 బై 13 అని ఉన్న గదిని ప్లాస్టరు నుంచి ప్లాస్టరుకి కొలిస్తే పదిన్నర బై పన్నెండున్నర రావచ్చు. ఒక్క గదిలోనే దాదాపు 12 చదరపు అడుగులు ఎగిరిపోయాయి. ఏజెంటు నవ్వితే నవ్వనివ్వండి.

చూడటానికి ఆయన మిమ్మల్ని పదకొండు గంటలకు రమ్మంటాడు. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి పోయి అపార్ట్‌మెంటు ప్రశాంతంగా ఉండే టైమది. మీరు ఇంకోసారి పొద్దున్న ఏడున్నరకి, ఏజెంటు లేకుండా వెళ్లండి. అందరూ స్నానాలు చేసే వేళ కదా, బాత్రూములో రెండు ట్యాపులూ తిప్పి ఫ్లష్ నొక్కండి, ధార ఎంత సన్నబడుతుందో చూడండి. బాత్రూము గోడకి అవతలి వైపు, అంటే బెడ్రూములో, నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు చేత్తో తడమండి. రంగు పొక్కిందా, చల్లగా తగులుతోందా? ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు కనిపిస్తే దాని వెనక చెమ్మ ఉందనే అనుకోండి. పై అంతస్తు అయితే సీలింగు మూలలు. నీళ్ల సంగతి ఏజెంటుని అడక్కండి, మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం అడగండి. ఏప్రిల్, మే నెలల పేజీలో ట్యాంకర్ల ఖర్చు నోరు తెరిచి చెబుతుంది. వాచ్‌మన్ కూడా చెబుతాడు, పక్కన ఏజెంటు లేకపోతే.

ఇప్పుడు కాగితాలు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

"లింకు డాక్యుమెంట్లన్నీ క్లియర్ సార్, బ్యాంకు లోను కూడా వస్తుంది" అంటాడు. లింకు డాక్యుమెంట్లంటే ఆస్తి ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు తిరిగొస్తుందా అని. మీ లాయరు వేరే ఉండాలి, ఏజెంటు పరిచయం చేసిన లాయరు కాకుండా. ఆయన ఫీజు మీ కమిషన్‌లో ఓ మూలకి రాదు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా, చేతికొచ్చింది. ఎలా చదవాలి? ఒక్కో వరుసలో ఆస్తి వివరం, హద్దులు, తేదీలు, లావాదేవీ ఏమిటి, ఎంత విలువ, ఎవరి నుంచి ఎవరికి, డాక్యుమెంటు నంబరు ఉంటాయి. పేర్ల పక్కన ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. పాత వరుస నుంచి మొదలుపెట్టి పైకి రండి. ఒక వరుసలో సీఎల్‌గా ఉన్న పేరు తర్వాతి అమ్మకంలో ఈఎక్స్‌గా రావాలి. రాలేదా? మధ్యలో వారసులున్నారా, భాగపంపకం జరిగిందా, ఆ కాగితం ఎక్కడ? గొలుసు అక్కడ తెగింది. తాకట్టు వరుస కనిపిస్తే దాని తర్వాత విడుదల వరుస కూడా ఉండాలి. ఓనరు అప్పు తీర్చేసి ఉండవచ్చు, కానీ రిలీజు రిజిస్టరు చేయించుకోకపోతే ఈసీలో అది అలాగే నిలబడి ఉంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఫ్లాటు నంబరుతో ఈసీ తీస్తే ఫ్లాటు పుట్టిన తర్వాతి సంగతులే వస్తాయి. కింద ఉన్న భూమి కథ దాంట్లో ఉండదు. సర్వే నంబరుతో, ప్లాటు నంబరుతో ఇంకో ఈసీ తీయాలి. ఆన్‌లైనులో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి. పైగా ఈసీలో వచ్చేది రిజిస్టరయిన లావాదేవీలే. తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు, కోర్టులో నడిచే కేసు, వాటి జాడ మామూలుగా దాంట్లో ఉండదు. అందుకని "ఈసీ నిల్ ఉంది" అన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడండి. అసైన్డ్ భూమి, ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి అక్కడ కనబడతాయి.

మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంటుకి ఇచ్చిన స్థలాల్లో కట్టినవే కదా. స్థలం ఒకరిది, కట్టింది ఇంకొకరు, ఫ్లాట్లు పంచుకుంటారు. మీ ఫ్లాటు ఎవరి వాటాలో పడింది? డెవలప్‌మెంటు అగ్రిమెంటుకి అనుబంధంగా రాసుకున్న పంపకం కాగితంలో ఫ్లాటు నంబర్లతో సహా ఉంటుంది. స్థలం ఓనరు వాటా ఫ్లాటుని బిల్డరు అమ్మేస్తున్నాడంటే, లేక అటుదిటు అయిందంటే, సంతకం పెట్టాల్సిన చెయ్యే తప్పన్నమాట.

ఇంకొకటి. ప్లానుకి విరుద్ధంగా కట్టకుండా, కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని మునిసిపాలిటీకి తాకట్టు పెట్టించుకునే పద్ధతి ఉంది. 2012 నాటి జీవో 168లోనే ఉన్న సంగతి ఇది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే విడిపిస్తారు. ఏ అపార్ట్‌మెంటులోనైనా అదే అంతస్తులో ఒక ఫ్లాటు మాత్రం నాలుగైదు లక్షలు తక్కువకు వస్తోందంటే, అది ఆ తాకట్టులో ఉన్న ఫ్లాటేమో మొదట చూడండి. మంజూరు పత్రం దగ్గర పెట్టుకుంటే ఐదు నిమిషాల పని.

జీపీఏ మీద కొనడం గురించి ఎవరో ఇందాక చీటీ పంపారు. జీపీఏ, అమ్మకపు అగ్రిమెంటు, వీలునామా, ఈ మూడింటితో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. ఓనరు తరఫున జీపీఏ దారు సేల్ డీడ్ మీద సంతకం చేయడం వేరు, అది చెల్లుతుంది. అప్పుడు కూడా ఓనరు బతికే ఉన్నారా, జీపీఏ రద్దయిందా అన్నది వీడియో కాల్‌లో ఓనరుతోనే తేల్చుకోండి.

అడ్వాన్సు. "టోకెన్ కింద ఓ లక్ష ఇవ్వండి, లాక్ చేస్తా" అంటాడు. ఎవరికి? ఏజెంటు ఖాతాకి కాదు. ఓనరు ఖాతాకి, బ్యాంకు ద్వారా. రసీదులో మొత్తం ధర, ఫ్లాటు నంబరు, పార్కింగు నంబరు, అగ్రిమెంటు తేదీ రాయించండి. దాంతోపాటు ఒక వాక్యం: "టైటిల్‌లో లోపం తేలినా, ఆ లోపం వల్ల బ్యాంకు లోను నిరాకరించినా, టోకెన్ మొత్తం 15 రోజుల్లో తిరిగి చెల్లిస్తాను." ఆ వాక్యం రాయడానికి ఓనరు వెనకాడితే మీకు కావలసిన సమాధానం లక్ష పోకముందే దొరికినట్టు. కొత్త ప్రాజెక్టయితే ఇంకా సులువు. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు, రెరా 13వ సెక్షను.

కమిషన్ సంగతి కూడా ముందే రాసుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే. ఎంత శాతం, దేని మీద, జీఎస్టీ కలిపా విడిగానా, ఎప్పుడు, బేరం చెడితే ఏంటి. జీఎస్టీ 18 శాతం అడిగితే బిల్లు అడగండి. నా అభిప్రాయం అడిగితే రిజిస్ట్రేషన్ అయిన రోజే మొత్తం ఇవ్వండి, అంతకు ముందు వద్దు, తర్వాత తిప్పించుకోవద్దు కూడా. అగ్రిమెంటు రోజే సగం తీసుకున్న ఏజెంటుకి మిగతా పనిలో ఉత్సాహం సగమే ఉంటుంది.

చివరగా, సేల్ డీడ్ డ్రాఫ్టు. రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు వరండాలో నిలబడి చదివేది కాదు, రెండు రోజుల ముందే తెప్పించుకోండి. అందరూ పేర్లు, ధర చూసి సంతకం పెట్టేస్తారు. మీరు వెనక ఉండే షెడ్యూలు చదవండి. నాలుగు హద్దులు, ఫ్లాటు నంబరు, అంతస్తు, ప్లింత్ ఏరియా, పార్కింగు, చదరపు గజాల్లో మీ యూడీఎస్, అంటే స్థలంలో విడదీయని మీ వాటా. స్థలం మొత్తం గజాలు, ఫ్లాట్ల సంఖ్య పెట్టుకుని యూడీఎస్ సరిపోతుందో లేదో కాగితం మీద వేసి చూడండి. తూర్పు, పడమర మారిపోయినా, 402 కి బదులు 420 పడినా సవరణ దస్తావేజు రాయించాలి, దానికి అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బంతా ముట్టిన మనిషి ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కడానికి ఎన్నాళ్లు తిప్పుతాడో మీ ఏజెంటునే అడగండి, ఆయనకు బాగా తెలుసు.

సరే, ఇక మీ ప్రశ్నలు. ఆ చివర ఎత్తిన చెయ్యి నుంచి మొదలుపెడదాం.